పెదనాన్న గడ్డం

నీకూ పిల్లలకూ ఆశీస్సులు. నేను కులాసా, దగ్గు తగ్గింది, కంగారు పడకు.

పెద్దాడు తన ఒడుగు ముచ్చట్లు రాసిన ఉత్తరం అందింది. బాయిలర్ పక్కన నిలబడే చదివాను. మీద పట్టుపంచె కప్పి, పెదనాన్న చెవిలో గాయత్రి చెబుతుంటే గడ్డం గుచ్చుకుని నవ్వొచ్చిందట వాడికి. ఎంత బాగా చెప్పారో అని మళ్ళీ మళ్ళీ రాశాడు. గుచ్చుకోవలసింది నా గడ్డం. నాకు సెలవు దొరక్క, ముహూర్తం దాటిపోతుందని, నా బదులు పీటల మీద కూర్చోమని అన్నయ్యకు రాసింది నేనే, కాదనను. కూర్చున్నాడు సరే, అంత బాగా చెప్పాలా? ఇక్కడ ఈ మోతలో రోజంతా ఎవరెవరి చెవుల్లోనో నోరు పెట్టి అరుస్తాను. నా కన్నకొడుకు చెవిలో మెల్లగా ఒక్క మాట చెప్పే యోగం మాత్రం అన్నయ్యకు పట్టింది. "పెదనాన్నయినా తండ్రే కదయ్యా, ఎవరు చెబితే ఏం?" అన్నాడు మా ఫోర్‌మన్. ఆయనకు అందరూ ఆడపిల్లలే.

వంటింటి కుళాయి బాగుచేయించావా? చిన్నదాని పన్ను ఊడిందా? ఎవరైనా ఇటు వస్తుంటే నా ఉన్ని బనీను పంపు. సంధ్యావందనంలో తడబడితే పెదనాన్న దగ్గరికి పరిగెత్తవద్దని వాడితో చెప్పు. మంత్రం నేనే రాసి పంపుదామంటే ఇది కార్డు, పోస్టుమాన్ కూడా చదువుతాడు. చెవిలో చెప్పవలసినది దీని మీద ఎలా రాయను?

వచ్చే నెల సెలవు ఖాయం. అన్నయ్యకు, వదినకు నమస్కారాలు. ఆ పట్టుపంచె పెట్టెలో పెట్టెయ్యకు, పైనే ఉంచు. నేను గడ్డం గీసుకోకుండా వస్తాను.