మన పేటకు లేదన్న వాటం

ప్రియమైన అబ్రహాం అన్నయ్యకు,

తమ్ముడు దానియేలు వందనాలతో రాస్తున్నాను. ప్రభువు దయవల్ల నేను బాగానే ఉన్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? వదిన, పిల్లలు కులాసాయేనా? ఇక్కడి ఎండ మన రోహిణి కార్తెను మించిపోయింది. కూరల్లో కారమే ఉండదు. ఎవరైనా వస్తుంటే కాస్త గొడ్డుకారం పంపించు.

నీ ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండింది. ఈ ఎడారి దేశంలో నీళ్ళ గొట్టాల కాంట్రాక్టులకు మంచి అవకాశాలున్నాయని బ్రాడీపేట ఏజెంటు చెప్పగానే అరెకరం మిరపచేను అమ్మి వచ్చేస్తావా? అవకాశాలున్న మాట నిజమే. ఏడాది తిరక్కుండా ఇసకలో కొత్త కాలనీలు లేస్తున్నాయి. సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసి ఇంటింటికీ గొట్టం వేస్తున్నారు. కానీ ఆ కాంట్రాక్టులన్నీ పెద్ద కంపెనీలవి. మనలాంటివాళ్ళకు దొరికేది గోతులు తవ్వే పని. చేను అమ్మావంటే ఇక నీతో మాట్లాడను.

నా అసలు కోపం వేరే ఉంది. మా ఫోర్‌మన్ మస్తాన్ గారు చీరాల సాయిబు. ఎత్తుపల్లాలు కొలిచి నేల వాటం చూసే లెవెల్ మిషను పని నాకు నేర్పుతున్నారు. మొన్న అన్నం తింటూ ఆయనకు మన సంగతి చెప్పాను. ఊళ్ళో ట్యాంకు కట్టి కుళాయిలు వేసినప్పుడు, మన పేటకు వాటం లేదు, నీళ్ళు రావని ఓవర్సియరు తేల్చేశాడని చెప్పాను. అందుకే వదిన ఇప్పటికీ ఊరి కుళాయి దగ్గర అందరూ పట్టుకునేదాకా నిలబడి, ఎవరో ఒకరు పోస్తే బిందె నింపుకుంటుందని కూడా చెప్పాను.

ఆయన ఒక్కటే అడిగారు. "వానొస్తే ఊళ్ళో నీళ్ళు ఎటు పోతయిరా?"

"మా ఇళ్ళల్లోకే వస్తయ్యండి," అన్నాను.

"మరింకేం వాటం కావాల్రా మీకు?"

ప్రతి వానకూ మంచాలెక్కి కూర్చున్నది మనమే. గిన్నెలతో మురుగు ఎత్తిపోసుకున్నదీ మనమే. అయినా పాస్టరు గారితో సహా ఒక్కరికీ ఈ ముక్క తట్టలేదు. చదువుకున్నవాడు చెప్పాడు గదా అని తలూపి వచ్చేశాం. ఆ ఓవర్సియరు మీద ఎంత కోపంగా ఉందో, తలూపిన నా మీదా అంతే ఉంది.

నువ్వు ఇక్కడికి రావద్దు. పేటలో అందరినీ వెంటబెట్టుకుని పంచాయతీ ప్రెసిడెంటు దగ్గరకు వెళ్ళు. మురుగు మన పేటలోకి దిగడానికి ఉన్న వాటం మంచినీళ్ళకు ఎందుకు లేదో చెప్పమను. కుళాయి వేస్తామని కాగితం మీద రాసిచ్చేదాకా కదలకండి. వాళ్ళు గొట్టం వేస్తే, అతకడానికి నేనే సెలవు పెట్టి వస్తాను.

అమ్మను నా కోసం ప్రార్థన చేయమను. పాస్టరు గారికీ, పేట పెద్దలకూ నా వందనాలు చెప్పు. ఈ ఉత్తరం ముందు వదినకు చదివి వినిపించు. ప్రెసిడెంటు ఇంటికి వెళ్ళేటప్పుడు ఆమెనే ముందు నడవనివ్వు. ఇన్నేళ్ళూ బిందె మోసింది ఆమె.

ఇట్లు,
నీ తమ్ముడు
దానియేలు