మామిడి చెట్టును చంపింది ఎవరు

వట్లూరు,
జూలై 2009

అన్నయ్యకు,

వందనాలు రాయడానికి చేయి రావడం లేదు కాబట్టి రాయడం లేదు. పక్కింటికి పోస్టులో ఉత్తరమేమిటని పోస్ట్‌మాన్ నవ్వుకుంటే నవ్వుకోనీ. నీ గుమ్మం తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను, నీ గేటు దగ్గర నిలబడి పిలిచేంత సహనం నాకు లేదు.

మొన్న సాయంత్రం మా వసారా గోడ మీద ఒక పురుగు కనిపించింది. బొటనవేలికంటే పొడుగు, బూడిద రంగు, మెడ మీద రెండు ఎర్రటి మచ్చలు. మీసాలైతే ఒంటికంటే పొడుగు. చీపురుతో తోస్తే కిర్రుకిర్రుమని అరిచింది. మనవరాలు దీవెన కుర్చీ ఎక్కి కూర్చుని దిగనంది. ఎదురింటి సూర్యకాంతంగారు చూసి కొబ్బరి చెట్లకు పట్టే కొమ్ము పురుగన్నారు. కొమ్మేదండీ అంటే, విరిగిపోయి ఉంటుందన్నారు. ఎవరికీ తెలియదు గానీ అందరూ చెప్పేవాళ్ళే. నాకు పట్టుదల ఎక్కువని నీకు తెలుసుగా. దాన్ని పచ్చడి సీసాలో వేసి, మూతకు కన్నాలు పొడిచి, తాడేపల్లిగూడెం బస్సెక్కాను. అక్కడికి దగ్గర్లో హార్టికల్చర్ యూనివర్సిటీ పెట్టారు కదా, అక్కడ పురుగుల శాఖలో ఒకాయన సీసా ఎత్తి చూసి వెంటనే అడిగారు.

"మీ ఇంటి దగ్గర మామిడి చెట్టేదైనా ఎండిపోయిందాండీ?"

ఎండిపోయిందన్నాను. ఇది మామిడి కాండం తొలిచే పురుగట. చెట్టు బెరడులో గుడ్లు పెడుతుందట. పిల్ల పురుగు లోపలే ఏడాదీ ఆపైనా ఉండి మాను తొలుచుకు తింటుందట. పైకి కన్నాలూ, వాటి కింద రంపపు పొట్టూ తప్ప ఏమీ కనిపించదట. చివరికి కొమ్మ కొమ్మా ఎండి చెట్టు చస్తుందట.

విన్నావా? మన రెండిళ్ళ హద్దులో నాన్న నాటిన చెట్టు అలాగే చచ్చింది. ఆ పొట్టు చూసి నేను చెదలనుకున్నాను. గుడ్డపేలికలు కిరసనాయిలులో ముంచి కన్నాల్లో కూరాను. కిరసనాయిలు సీసా నా చేతిలో వదిన చూసింది. గోడ కట్టుకోవాలని చెట్టు మొదట్లో కిరసనాయిలు పోసి చంపానని నువ్వు మన చర్చి సంఘపెద్దల ముందు చెప్పావు. చెట్టును బతికించడానికి పోశానంటే ఒక్కరూ నమ్మలేదు. మార్చి నుంచి నన్ను ఆరాధనలో రొట్టె పంచే ప్రభు బల్లకు దూరం పెట్టారు. పెళ్ళయిన పిల్లలున్నదాన్ని, రొట్టె పళ్ళెం నన్ను దాటిపోతుంటే నేల చూస్తూ కూర్చున్నాను.

ఇంకొక మాట. చచ్చిన చెట్టు దుంగలు నీ దొడ్లో పేర్చి ఉన్నాయి. మా గోడ మీదికి వచ్చిన పురుగు వాటిలోంచే వచ్చిందన్నారాయన. వెంటనే తగలబెట్టకపోతే నీ బంగినపల్లి అంటు మొక్కలకు పడుతుందట. నీకు చెప్పకుండా ఊరుకుందామనే అనుకున్నాను, ఎందుకు దాచాలి. కానీ ఆ మొక్కలు నాకేం అన్యాయం చేశాయి, అందుకే చెబుతున్నాను.

విక్టోరియా


చెల్లి విక్టోరియాకు దీవెనలు,

నీ ఉత్తరం అందింది. పోస్ట్‌మాన్ ముందు నా పరువు తీశావు. దుంగలు చీల్చి చూశాను. వేలంత లావు తెల్లటి పురుగులు ఉన్నాయి. అన్నీ తగలబెట్టాను. సరే, అయిందేదో అయింది. పాస్టరుగారితో మాట్లాడాను. ఈ ఆదివారం ఆరాధనలో నేను లేచి, నా చెల్లెలిని మనస్ఫూర్తిగా క్షమించానని చెబుతాను. నువ్వు లేచి తలవంచి నిలబడితే చాలు. ఆ తర్వాత బల్ల తీసుకోవచ్చు. దీన్ని ఇంతటితో ముగించు.

నీ అన్న,
సత్యవేదం


అన్నయ్యకు,

చెట్టును పురుగు తిన్నదని నీ కళ్ళతో చూశావు. అయినా క్షమించేది నువ్వు, తల వంచేది నేను! నాకు ఒళ్ళు మండిపోతోంది. ఇన్ని నెలలూ నువ్వు తెల్లచొక్కా వేసుకుని, తోడబుట్టినదాని మీద అబద్ధం మోపి, అదే చేత్తో అందరికీ రొట్టె పంచావు. బల్ల కోసం నేనెంత ఏడ్చానో నీకు తెలియదు. అయినా ఇలా ఇస్తే నాకు వద్దు. ఆదివారం ఆ మాట నీ నోట వచ్చిందా, నేను లేచి నిలబడి, ఏ తప్పు క్షమించావని అందరి ముందూ అడుగుతాను. తర్వాత నన్ను సంఘంలోంచే తీసేసినా సరే.

విక్టోరియా


విక్టోరియాకు,

నీ ఉత్తరం చింపి పొయ్యిలో వేశాను. కాగితం కాలింది గానీ నీ నోరు కాలలేదు, రాత్రంతా చెవిలో మోగింది.

నిన్న పాస్టరుగారు ఆదివారం ప్రకటన రాసుకుంటూ, "ఏ తప్పు క్షమించారని రాయమంటారండీ?" అని అడిగారు. నువ్వు ముందే ఆయన చెవిలో ఊదావేమోనని కోపం వచ్చింది. లేదన్నారు. ఆయనతో రాయిద్దామంటే నాకు ఒక్క తప్పూ దొరకలేదు.

పెద్దలను పిలిపించి చెప్పాను. చెట్టును నువ్వు చంపలేదని, విచారించకుండా నింద వేసింది నేనని. నువ్వెన్నాళ్ళు బల్లకు దూరంగా ఉన్నావో అన్నాళ్ళు నేనూ ఉంటానన్నాను. నేను చేసే పళ్ళెం పట్టే పని పెద్దల్లో పేతురుకు అప్పగించారు. మీ వదిన నిన్నటి నుంచి నాతో మాట్లాడడం లేదు.

నీ మీద కోపం పోయిందనుకోకు. నిజం చెప్పాలంటే ఇంకా పెరిగింది. నీ ముందు ఇలా నిలబడాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. తప్పు నాదే అని రాయడానికి మూడు కాగితాలు పాడుచేశాను. ఇది నాలుగోది. తప్పు నాదే.

బల్ల తీసుకోని వాళ్ళు కూర్చునే వెనక బెంచీలో ఈ ఆదివారం నేను కూర్చుంటాను. నువ్వు ముందు బెంచీలోకి వెళ్ళి బల్ల తీసుకో. వెళ్ళేటప్పుడు నా వైపు చూడకు.

నీ అన్న,
సత్యవేదం