ఆ పేరుగల వారు ఇక్కడ లేరు

పురసవాక్కం,
12-3-1954

శ్రీవారికి, పాదాలకు మొక్కి మీ చూడామణి రాసేది. ఇక్కడ అత్తయ్య, నేను కులాసా. కలకత్తా పోటీల్లో మీరూ, మీ ఎడమ మోకాలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఇంట్లో వదిలివెళ్ళిన పాత హాకీ కర్రకు అవిసె నూనె రాస్తున్నావా అని అడిగారు. రోజూ రాస్తున్నాను. నా తలకు నూనె ఉందో లేదో రెండు జాబుల్లోనూ అడగలేదు.

మీరు వెనక నిలబడి ఒక్క బంతినీ గోలులోకి పోనివ్వలేదని ఇంగ్లీషు పేపర్లో పడిందట. చదివి చెప్పింది పక్కింటి లూర్దుమేరి. "వాడు చిన్నప్పుడూ అంతే, చూడా! చెప్పుల్లేకుండా బ్యాక్ ఆడతా ఉండె. కాలు పగిలి రక్తం కారినా జరగడు. మా నాయన ఇచ్చిన కర్రతోనే ఆట నేర్చి, మిల్లులో ఉద్యోగం కూడా కొట్టేసినాడు," అంది. నేను నూనె రాస్తున్నది ఆ కర్రకేనని అప్పుడే తెలిసింది. ఆ రోజు మాత్రం నూనె రాయలేదు.

ఆమె మీ పేరును సగానికి కోసి ముద్దుగా పిలుస్తుంది. మైదానమంతా మీ పేరు అరుస్తుంది. పలకకూడనిది నేనొక్కతెనే.

ఇక దాచిన మాట చెప్పాలి. పోయిన శుక్రవారం కొత్త పోస్టుమాను ఏళుమలై రిజిస్టరు కవరు తెచ్చాడు. "ఈ ఇంటాయన పేరు ఏందమ్మా? చెప్తే ఇస్తా," అన్నాడు. అత్తయ్య కూరలకు వెళ్ళింది. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. లూర్దుమేరి గోడమీదుగా చెయ్యి చాచింది. "మా వాడిదేప్పా! ఇట్లా ఇయ్యి, నేను సంతకం పెడతా."

మా వాడు! నా ఒళ్ళు మండిపోయింది. "ఆ పేరుగల వాళ్ళు ఈడ ఎవురూ లేరు, తీసుకుపో," అనేశాను.

కాలు బెణికి ఊళ్ళో ఉండిపోయిన మీ జట్టు పళని నిన్న పొద్దున వచ్చాడు. ఆ కవరు మద్రాసు రాష్ట్ర జట్టు పిలుపట, మిల్లులో విన్నాడట. సోమవారంలోగా జవాబు అందకపోతే మీ చోటు ఇంకొకరికి పోతుందన్నాడు. మీరు చిన్ననాటినుంచి కోరుకున్నది అదొక్కటే కదా.

పోస్టాఫీసుకు పరుగెత్తాను. కవరు ఇంకా అక్కడే ఉంది. "మా వారిది," అన్నాను. "మా వారికి పేరు లేదా?" అని ఏళుమలై నవ్వాడు. కళ్ళు మూసుకుని మీ పేరు చెప్పాను. వినబడలేదన్నాడు. రెండోసారి చెబితే వరుసలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. మీ ఆయుష్షుకు ఏమీ కాకూడదని మారియమ్మకు మొక్కుకున్నాను.

జవాబు ఇంగ్లీషులో రాయాలి. పళనికీ రాదు. వీధిలో ఇంగ్లీషు వచ్చినది లూర్దుమేరి ఒక్కతెకే. వెళ్ళాను.

"ఆ పేరుగల వాళ్ళే లేరంటివి! మరి ఎవురి తరఫున రాసేదే?" అని ఏడిపించింది. కవరు ఆమె ముందు పెట్టాను. రాసిచ్చింది. పళని తీసుకెళ్ళి రాష్ట్ర జట్టువాళ్ళ చేతికే ఇచ్చి వచ్చాడు. మీ పేరు చేర్చుకున్నారట. ఏప్రిల్ ఒకటిన శిబిరం.

తప్పంతా నాదే, ఎంత తిట్టినా పడతాను. కానీ ఆ జవాబు కింద ఆమె మీ సంతకం పెట్టింది. చూసి దించడానికి ఎదురుగా కాగితం ఏమీ లేదు. వంకర గీతతో సహా అచ్చం మీదే. అది ఆమె చేతికి ఎలా వచ్చునో నేను అడగలేదు. తిట్టేముందు మీరు అది రాయండి.

ఇట్లు,
మీ ఇల్లాలు
చూడామణి