నిప్పు కన్నం

1991 ఆగస్టు 4, తెనాలి

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నా. పెన్ను మూత పెట్టి అటక మీద కూడా పడేశా. మళ్ళీ స్టూలెక్కి తీసుకున్నా. ఎవరికైనా చెబుదామంటే మధ్యలో సలహాలిస్తారు. కాగితం ఇవ్వదు.

పొద్దున పోలీసులొచ్చి నా పెట్టె పట్టుకుపోయారు. పక్క ఊళ్ళో పార్టీల గొడవ, నాటుబాంబులు పడ్డాయట, అందుకని వీధంతా సోదా. మా మంచం కింద ఏముంది... వేలెడేసి ఫిరంగులు, వత్తి అంటించి పేల్చే జానెడు బత్తి తుపాకి, అరచేతిలో ఇమిడే రాళ్ళు విసిరే యంత్రం. కోటల కాలం నాటివన్నీ, కొలత కుదించి చేసినవి. అన్నీ పనిచేస్తాయి. అదే వచ్చిన చిక్కు.

కానిస్టేబులు నవ్వాడు — చీమల మీదకి యుద్ధానికా బాబాయ్, అని. ఎస్సై నవ్వలేదు. పేలతాయా అనడిగాడు. బొమ్మలండి, పేలవండి, అన్నా.

ఇన్నేళ్ళలో వాటి గురించి నేనాడిన మొదటి అబద్ధం.

ఆగస్టు 5

ఎస్సై మంచివాడే. బొమ్మలని ఇద్దరూ రాసి సంతకాలు పెట్టి తీసుకుపొండి అన్నాడు. ఇద్దరంటే నేనూ, రేపల్లె జీవరత్నమూ. ప్రతి గొట్టం మొదట్లో అతని పేరు చెక్కి ఉంటుంది మరి. రత్నం ఇత్తడి పోత పోస్తాడు. చర్చి గంటల దగ్గర్నుంచి మరచెంబుల దాకా పోసిన చెయ్యి. ఫిరంగి గొట్టాలు అతనివి, బళ్ళూ చక్రాలూ నావి.

నాకీ పిచ్చి మా తాత వల్ల పట్టింది. నిజాంపట్నం రేవులో పాత ఫిరంగి ఒకటి ఇసకలో పడి ఉండేదట, దాని మీద చేపలు ఆరేసేవారట. నిజమో కాదో. ఎండుచేపల వాసన తగిలితే నాకిప్పటికీ యుద్ధాలే గుర్తొస్తాయి. చదివింది ఐదో క్లాసు, మిగతాదంతా చినిగిన ఇంగ్లీషు పుస్తకాల్లో బొమ్మలు చూసి... ఎక్కడో మొదలెట్టి ఎటో పోతున్నా.

మా ఇద్దరికీ ఒక కట్టుబాటు ఉంది. కొత్తది ఏది చేసినా బాపట్ల సముద్రపొడ్డుకి పట్టుకెళతాం. నేను కొబ్బరికాయ కొడతా. రత్నం కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తాడు. తర్వాత అగరొత్తితో నిప్పు. పేలితేనే పెట్టెలోకి. పేలనిది ఎంత అందంగా ఉన్నా మూసలోకే. ఓసారి గొట్టం నిండా లతలు చెక్కిన ఫిరంగి తుస్సుమంది. ఇదొక్కటీ ఉంచుదామోయ్ అని బతిమాలా. వినలేదు. కరిగించి పారేశాడు. నెల్లాళ్ళు మాట్లాడలేదు నేను.

రత్నానికి కబురంపా.

ఆగస్టు 7

పొద్దున పాసింజర్లో దిగాడు. చర్చికేసుకునే ఆదివారం చొక్కా, గొడుగు. పోలీస్ స్టేషన్‌కి నడుస్తూ దారి పొడుగునా చెప్పా — బొమ్మలని చెప్పు, ఒక్క మాట, పనైపోతుంది. తలూపాడు. ఆ తలూపడం నాకు తెలిసుండాల్సింది.

ఎస్సై టీ తాగుతూ పెద్ద ఫిరంగిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పని బాగుంది తాతగారూ. పాపం పేలదటగా" అన్నాడు.

రత్నం నా వైపు చూశాడు. కొట్టినా బాగుండేది.

ఓసారి ఇవ్వండి బాబూ, అని తీసుకున్నాడు. నా పెట్టెలోంచే తుపాకిమందు బుర్ర తీసి గొట్టంలో పోశాడు. మినపగింజంత సీసపు గుండు కూరాడు. తుడుస్తున్నాడేమో అనుకున్నారంతా. నేను అనుకోలేదు. కళ్ళు మూసుకుని పెదాలు కదిపాడు. ప్రార్థన. ఎస్సై సిగరెట్టు బూడిదగిన్నె మీద కాలుతోంది — దాన్నే తీసి అంటించాడు.

టీ గ్లాసు లేదు. ఎస్సై చొక్కా నిండా టీ.

"పేలుద్దండి" అన్నాడు రత్నం.

ఆగస్టు 8

రాత్రి స్టేషన్లోనే ఉంచేశారు. వాన, తడి గచ్చు. పొద్దున వదిలారు. పెట్టె ఇవ్వలేదు. రత్నం ఒకటే దగ్గు.

ఆగస్టు 21, బాపట్ల

రత్నాన్ని కూతురు సుగుణ తన దగ్గరికి తెచ్చుకుంది. ఊపిరితిత్తుల్లో నెమ్ము. కొలిమి పొగ ఎన్నాళ్ళు మింగాడో, ఆ గచ్చు మీద బయటపడింది. మనిషి మంచానికి అతుక్కుపోయాడు.

ఎస్సై మాట అతనికి చెప్పా. నిప్పు కన్నాలు సీసంతో మూసేస్తే బొమ్మలని రాసి అన్నీ ఇచ్చేస్తాడు. లేదంటే కాగితాలు కోర్టుకి, ఇద్దరం వాయిదాలకి తిరగాలి. గొట్టం వెనక ఆవగింజంత కన్నం అది. నిప్పు పెట్టేది అక్కడే.

చాలాసేపు ఆయాసపడి అన్నాడు. "కరిగించమను అన్నయ్యా. కరిగిస్తే మళ్ళీ పోసుకోవచ్చు. కన్నం మూస్తే అది పీనుగే."

నువ్వు కోర్టు మెట్లెక్కగలవా అన్నా. గోడ వైపు తిరిగాడు.

సెప్టెంబరు 2

సుగుణ తెనాలి వచ్చింది. మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

"వాయిదాకి వస్తానంటున్నాడు పెదనాన్నా. చొక్కా ఇస్త్రీ చేయించమంటున్నాడు. పక్క మీద నుంచి లేవలేనోడు."

కన్నాలు మూసెయ్యమంది. నాన్నకి చెప్పొద్దంది. చెబితే నీ మొహం చూడడు, చెప్పకపోతే బతుకుతాడు, అంది. బతుకుతాడా అని అడగబోయి ఊరుకున్నా. నర్సు పనిలో ఉన్న పిల్ల. తెలిసే అంటోంది.

సెప్టెంబరు 3

ఏమీ తోచదు. చక్రం ఒకటి చెక్కబోయా. వేలు తెగింది.

సెప్టెంబరు 9

మూసేశా.

స్టేషన్ వెనక వరండాలో. కిరసనాయిలు స్టవ్వు, గరిటెలో సీసం. కానిస్టేబులు పక్కనే కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ చూశాడు. నాకూ నాలుగు పెట్టాడు. తిన్నా. ఒక్కో కన్నంలో ఒక్కో చుక్క. ఇంత తేలికని తెలీదు... టీ గ్లాసు పగలగొట్టిన దాన్ని చివరికి ఉంచా. అదీ అయింది. ఆకురాయితో నున్నగా అరగదీశా, చూపుకి ఆనకుండా.

ఎస్సై లేచి నిలబడి పెట్టె ఇచ్చాడు. ఎందుకు నిలబడ్డాడో.

సెప్టెంబరు 11

బాపట్ల వెళ్ళొచ్చా. రత్నానికి కళ్ళు సరిగ్గా ఆనట్లేదు. కేసు లేదట, ఎస్సై మనసు మార్చుకున్నాడు, అన్నా. మంచివాడే అన్నాడు. పెద్ద ఫిరంగిని అరచేతిలో పెట్టా. బొటనవేలు గొట్టం వెంట పాకింది. పేరు దగ్గర ఆగింది. ఇంకాస్త వెనక్కి వెళ్ళింది. అక్కడే తిరిగింది, తిరిగింది...



సుగుణ కాఫీ తెచ్చింది. గ్లాసు పట్టుకోవాలి కదా, ఫిరంగిని నా చేతిలో పెట్టాడు. మళ్ళీ అడగలేదు. జేబులో వేసుకున్నా.

తెనాలిలో దిగేసరికి సన్నగా తుంపర. ఇంటికొచ్చి పెట్టె మూత తీశా. మళ్ళీ వేసేశా. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించా. జేబు బరువుకి చొక్కా ఓ పక్కకి ఒరిగింది.