మూడో నంబర్ బేరింగ్

మార్చి 3
కంప్రెసర్ వాల్వ్ పేలింది, సరిగ్గా నా పక్కనే. చెవుల్లో దూది కుక్కినట్టుంది. ఫోర్‌మన్ ఇంటికి పొమ్మన్నాడు. నేను పోతే మెషీన్లని ఎవడు వింటాడు? స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ మీద, పిడి నా చెవికి. ఏ మెషీన్‌కి జబ్బు చేసిందో ఇరవై ఏళ్లుగా అలాగే చెప్తున్నా. వర్క్‌షాపంతా నన్ను డాక్టరనే పిలుస్తుంది.

మార్చి 6, ఉదయం 5.40
ఇంట్లో గరగర. ఫ్యాన్ ఆపాను. ఫ్రిజ్ ఆపాను. చివరికి మెయిన్ స్విచ్ కూడా దించేశాను. ఆగలేదు. నీకేమన్నా పిచ్చా అంది మా ఆవిడ. తనకేం వినపడటం లేదట.

మార్చి 9
చెవి డాక్టరమ్మ టెస్ట్ చేసింది. దెబ్బతిన్న చెవి నుంచి మెదడుకి వెళ్లే శబ్దం తగ్గిందట. తక్కువొస్తోంది కదా అని మెదడు తనంతట తనే వాల్యూమ్ పెంచుకుందట. బయట ఏమీ లేకపోయినా అక్కడి కణాలు ఉన్నట్టే మోగుతున్నాయట. ఈ సంగతి పనిలో చెప్పి తీరాలంది.

చెప్పలేదు. ఈ చెవి పోయిందంటే ఇక నేనెవణ్ణి?

మార్చి 10
చెవుల్లో నిజంగానే దూది పెట్టుకుని పడుకున్నా. లోపలి గోల రెట్టింపయింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మార్చి 12
మూడో నంబర్ కటింగ్ మెషీన్‌లో బేరింగ్ అరుస్తోంది. ఆపించి, విప్పించాను. చూస్తే కొత్తదానిలా మెరుస్తోంది. సగం షిఫ్టు దండగ.

ఆ మెషీన్ మీద పనిచేసేది మా అక్క మొగుడే. డాక్టరుగారు ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి కోసి పారేశారని బావ అందరిముందూ ఆటపట్టించాడు. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. సిగ్గుతో చచ్చాననుకో.

మార్చి 16
మూడో నంబర్‌లో మళ్లీ అదే అరుపు. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేసినా వినపడుతూనే ఉంది. ఇది నా తలకాయేలే అనుకున్నా. ఓకే అని రాసి సంతకం పెట్టా.

మార్చి 17
పదింటికి బేరింగ్ పట్టేసింది. షాఫ్ట్ విరిగి బ్లేడు ఎగిరింది. బావ కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది.

నేను విప్పించినప్పుడే లోపల ఇనప రజను పడి ఉంటుందని ఫోర్‌మన్ అన్నాడు. నిన్న నీకేం వినపడలేదా రా అని అక్క అడిగింది. లేదన్నాను. అక్క నమ్మింది. ఛీ, నా బతుకు.

మార్చి 24
పోయిన చేతి వేళ్లు నొప్పెడుతున్నాయంటున్నాడు బావ. మందుల మత్తు అంటున్నారంతా. కాస్త ఒత్తమని నన్నడిగాడు. ఖాళీ దుప్పటి మీద ఒత్తాను. అక్కడ కాదు, బొటనవేలు అన్నాడు. కొంచెం పక్కకి జరిగి ఒత్తాను.

హాయిగా ఉందన్నాడు.