కొత్తవాళ్ళ కోసం ఉంచిన తప్పు

అనంతపురం, జూన్ 4

ప్రియమైన ఆరీఫాకు,

కాలేజీలో నా జూనియర్‌వి, ఆ చనువుతో పని చెబుతున్నాను. మా మంచినీళ్ళ యాప్ కోడ్ అందరిదీ, ఎవరైనా చూడొచ్చు, దిద్దొచ్చు. తేలికైన తప్పులకు "కొత్తవాళ్ళ కోసం" అని గుర్తుపెట్టి, మేము ముట్టుకోకుండా ఉంచుతాం. ఏడాదికి పైగా ఉన్న ఒకటి నీకు. బోరునీళ్ళ పరీక్ష ఫలితం ఖాళీగా ఉన్నా యాప్ "తాగవచ్చు" అని పచ్చగుర్తు చూపిస్తోంది. ఒక్క లైను పని. నిన్న మా జట్టులోని నాగేశ్వర దిద్దేస్తానంటే, అది ఆరీఫాదని ఆపాను.

నీ సునందక్క

గుమ్మఘట్ట, జూన్ 19

అక్కా,

దిద్దాను. పంపడానికే చెయ్యి రావడంలేదు. తప్పైతే అందరూ నవ్వుతారని భయం. అమ్మ అయితే "పెండ్లిచూపులకు కూర్చున్నట్ల కూర్చోనుండావే" అని ఎగతాళి. నీళ్ళ క్యాన్లు మోసే పని తప్పినా ఆమె మోకాళ్ళ నొప్పి తగ్గలేదు.

ఆరీఫా

అనంతపురం, జూన్ 22

ఆరీఫా తల్లీ,

నా మొదటి మార్పుని మూడుసార్లు తిప్పి పంపారు. నేనేం చచ్చిపోలేదు. ధైర్యం వచ్చినప్పుడే పంపు, తొందరేమీ లేదు. అది నీ కోసం ఆగే ఉంటుంది.

సునంద

అనంతపురం, జూలై 12

మా కొత్త నేస్తానికి,

నిన్న నువ్వు పంపింది ఈ పొద్దున చేర్చేశాం. నీ పేరు కోడ్ రాసినవాళ్ళ జాబితాలోకి ఎక్కింది. ఒక్క దెబ్బకు నలభై బోర్లకు పచ్చగుర్తు పోయింది. నాగేశ్వర కూడా మెచ్చుకున్నాడు.

సంతోషంతో, అక్క

అనంతపురం, ఆగస్టు 20

ఆరీఫా,

నాలుగు మెయిళ్ళకు జవాబు లేదు. ఎవరైనా మాట అన్నారా? నా వల్ల ఏమైనా జరిగిందా? కోపమైతే తిట్టు, ఇలా ఊరుకోకు.

సునంద

గుమ్మఘట్ట, సెప్టెంబరు 2

సునందక్కకు,

ఎవరూ ఏమీ అనలేదు. ఆ రోజు సంబరంగా మా ఊరి పేరు నొక్కి చూశాను. మా వీధి బోరుకూ పచ్చగుర్తు పోయింది. దాన్ని ఎవరో పరీక్ష చేసే ఉంటారనుకున్నాను. ఎప్పుడూ చేయలేదు. నిరుడు ఆ గుర్తు చూపించి, క్యాన్లు మానుకో, ఇవి తాగొచ్చు అని అమ్మకు చెప్పింది నేనే.

నీళ్ళు పరీక్షకు పంపాను. ఫ్లోరైడ్ ఉండాల్సినదానికి మూడింతలుంది. ఆమె నొప్పులు వీటివల్లా, ముందునుంచీ ఉన్నవా అంటే డాక్టరు చెప్పలేనన్నాడు. ఆ చెప్పలేకపోవడమే నన్ను నిద్రపోనివ్వదు. ఏడాది నువ్వు ఆపావు, అయిదు వారాలు నేను ఆపాను. అన్ని రోజులూ ఆమె తాగింది.

అమ్మ నన్ను తిట్టలేదు, అక్కా. ఇప్పుడు క్యాను నీళ్ళే తెస్తున్నాను. అయినా లోటా ఎత్తి, నా మొహం చూసి అడుగుతుంది. "ఇవి తాగొచ్చునా పాపా?" రోజూ అడుగుతుంది.

కొత్తవాళ్ళను పిలవడం మానొద్దు. నువ్వు పిలవకపోతే నాకీ సంగతే తెలిసేది కాదు. కానీ గుర్తుపెట్టి ఉంచినవన్నీ చదివాను. ఇంకో మూడింటిలో మనుషులు తాగే నీళ్ళున్నాయి. మూడూ దిద్ది ఇప్పుడే పంపుతున్నాను. ఈసారి ఎవరి కోసమూ ఆపకు.

ఆరీఫా