ముద్ర దగ్గర నా పేరు

అక్టోబర్ 4, శనివారం
మా ఊరు హెర్న్‌డన్‌లోని సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, రూత్ అనే పెద్దావిడ సభ పెడుతోంది. లేయా అనే యూదు కవయిత్రికి పాటలతో నివాళి. ఎనభై ఏళ్ల కిందట తన దేశం నుంచి తరిమేస్తే ఇక్కడికి, అమెరికాకొచ్చి, చివరిదాకా తన భాషలోనే రాసుకుందట. ఒక కవితను తెలుగు చేసి, కర్ణాటక బాణీలో కట్టి పాడమంది. నన్ను! ఆ సంతోషంలో అన్నం మాడ్చాను.

అక్టోబర్ 9
చరణం కుదిరింది. ‘నిద్ర నా భాషలో, మెలకువ మీ దేశంలో, అని లేయా పాడెను.’ మన వాగ్గేయకారులు తమ పేరు వేసుకున్నట్టే చివర ఆవిడ పేరు ముద్రగా వేశాను. ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తూ మాత్రం సరదాకి ‘భవిత పాడెను’ అంటున్నాను. వరస నాదేగా! కార్‌లో ఎవరు వింటారు?

అక్టోబర్ 14, ఉదయం 7:10
మా ఆయన నిశాంత్ నా పేరున్న ప్రోగ్రామ్ కాగితం చూశాడు. ముఖం పాలిపోయింది. డిసెంబర్‌లో ఇండియా వెళ్లి పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపింగ్ వేయించుకోవాల్సింది పెట్టుకుని ఇదేం పని అన్నాడు. అసలే యూదుల దేశంలో యుద్ధం రోజులు, ఏ పక్షం అనుకుంటారో తెలీదు, వీసా వాళ్లు సోషల్ మీడియా అంతా జల్లెడ పడుతున్నారు, గ్రీన్ కార్డ్ వచ్చాక తీరిగ్గా పాడుకోకూడదా అన్నాడు. తిట్టలేదు. అందుకే ఎక్కువ భయమేసింది. మా హంసిక స్కూల్, ఈ ఇల్లు, అన్నీ ఆ స్టాంప్ మీదే ఉన్నాయి.

మధ్యాహ్నం
పాడతాను గానీ నా పేరు తీసేయండని రూత్‌కి ఫోన్ చేశాను. కారణం అడగలేదు. పాత దేశంలోనే ఉండిపోయిన చెల్లెలికి ఏమవుతుందోనని లేయా కూడా పన్నెండేళ్లు పేరు లేకుండానే అచ్చు వేయించిందట. సిగ్గుతో చచ్చాను.

అక్టోబర్ 17
కొత్త ప్రోగ్రామ్ వచ్చింది. ‘వోకల్’ అని ఉంది. పక్కన ఖాళీ.

అక్టోబర్ 19, ఆదివారం
సినగాగ్ గుమ్మం దగ్గర కాపలాకి పోలీస్ కార్. లోపలికి పంపే ముందు నా శ్రుతిపెట్టెను అటూ ఇటూ తిప్పి చూశారు. స్టేజ్ ఎక్కాక కెమెరా ఎర్ర లైట్ తప్ప ఏమీ కనిపించలేదు. పల్లవి ఎలాగో గట్టెక్కింది. చరణంలో, సరిగ్గా ముద్ర దగ్గర, ‘భవిత పాడెను’ అనేశాను.

అయ్యో, కార్ అలవాటు! రెండోసారి లేయా అని సరిచేసుకున్నాను. వాళ్లకు తెలుగేం తెలుసు, అందరూ లేచి చప్పట్లు కొట్టారు. వెనక వరసలో నిశాంత్ ఒక్కడే కూర్చునే ఉన్నాడు.

అక్టోబర్ 21
రూత్ వీడియో పంపింది. రేపు అప్‌లోడ్ చేస్తుందట, ఏమైనా కట్ చేయాలా అని అడిగింది. నా పేరు స్పష్టంగా వినిపిస్తోంది. ఒక్క సెకను. తీసేయించమన్నాడు నిశాంత్. తర్వాత తనే, నీ ఇష్టం అన్నాడు.

లేయా పేరు దాచుకున్నది పన్నెండేళ్లు. నేను ఈ దేశానికొచ్చి పదకొండు. దిగిన రోజు నుంచీ భయపడుతూనే ఉన్నాను.

అక్టోబర్ 22
ఏమీ కట్ చేయొద్దని రాసి పంపాను. నా పేరు వీడియోలో ఉందిగా, ఆఫీస్‌కి వెళ్తూ ముద్ర దగ్గర ఈసారి ‘లేయా’ అనే పాడాను. భయం పోలేదు, అయినా కార్ అద్దం దించి మళ్లీ పాడాను.